రోహిణి కార్తెలో ఎవరెస్టు

మే నెల చివరి వారం వచ్చిందంటే కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా రైతుల చూపంతా ఆకాశం మీదే ఉంటుంది. దుక్కి దున్ని, ఎరువు తోలి, విత్తనాలు తెచ్చిపెట్టుకుని తొలకరి కోసం ఎదురుచూసే రోజులవి. ఎండలకు రోళ్లు పగులుతాయని చెప్పుకునే రోహిణి కార్తె మే 25 ప్రాంతంలోనే ప్రవేశిస్తుంది. 2014లో సరిగ్గా ఆ తేదీనే మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలోని తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో అప్పుడామె చదువుకుంటోంది. వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన బాలిక అంతకుముందు లేదు.

తేదీలు అలా కలవడం వెనుక ఒక కారణం ఉంది. ఇక్కడి రైతు ఏ వానల కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తాడో, ఆ వానలు హిమాలయాలను తాకేలోపే అక్కడివాళ్లు శిఖరం ఎక్కి కిందికి దిగిపోవాలి. ఒకే నైరుతి రుతుపవనం ఇక్కడ సాగుకు తలుపు తీస్తుంది, అక్కడ కొండదారికి తలుపు వేస్తుంది. సేద్యంలో అదను, పదను తెలిసినవాడే పంట తీస్తాడంటారు. మంచుకొండల మీదా అంతే. ఏ వారం బయల్దేరాలి, ఏ గంటకు నడవాలి, కాలి కింది మంచు ఏ స్థితిలో ఉంది, ఎక్కడ వెనక్కి తిరగాలి అన్నవి తెలిసినవాళ్లే క్షేమంగా ఇంటికి వస్తారు.

పూర్ణ గురించి చెప్పుకునేటప్పుడు మనం ఎక్కువగా ఆమె ధైర్యాన్నే తలుస్తాం. ఆ ధైర్యానికి ఎంత గౌరవమిచ్చినా తక్కువే. అయితే ఆమెను శిఖరం దాకా తీసుకెళ్లి, తిరిగి తాడ్వాయికి చేర్చింది మెట్టు మెట్టుగా నేర్పిన ఒక విద్య. నేర్పితే వచ్చే విద్య గనుక అది ఒక్కరితో ఆగిపోనక్కరలేదు.

శిఖరం తెరుచుకునే రోజులు

ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. భూమికి తొమ్మిది, పది కిలోమీటర్ల పైన పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే మహావేగపు గాలి వీస్తుంటుంది. శీతాకాలమంతా, వసంతంలో చాలా రోజులు ఆ గాలి శిఖరాన్ని రాసుకుంటూ పోతుంది. గంటకు 150 కిలోమీటర్లు దాటే ఆ వేగంలో మనిషి నిలబడలేడు. మే నెల సగం గడిచేసరికి దక్షిణాన రుతుపవనాలు బలం పుంజుకుంటాయి, జెట్ స్ట్రీమ్ ఉత్తరంగా టిబెట్ పీఠభూమి వైపు జరుగుతుంది. ఆ గాలి తప్పుకోవడానికీ వానమబ్బులు వచ్చి కొత్త మంచు కురిపించడానికీ మధ్య కొద్ది రోజుల ఎడం దొరుకుతుంది. కొండ ఎక్కేవాళ్లు దాన్ని ‘వెదర్ విండో’ అంటారు. కొన్నేళ్లు అది వారం పైగా ఉంటుంది, కొన్నేళ్లు రెండు మూడు రోజులతో సరి.

చరిత్రలోని తేదీలు చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ తొలిసారి శిఖరం చేరింది 1953 మే 29న. ఎం.ఎస్. కోహ్లీ నాయకత్వంలో భారత బృందం నుంచి తొమ్మిది మంది ఎక్కింది 1965 మే 20 – 29 మధ్య. బచేంద్రీ పాల్ 1984 మే 23న, నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006 మే 21న ఎక్కారు. పూర్ణ, ఆమెతోపాటు ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎక్కింది 2014 మే 25న. అందరూ సీజన్ చివరి రోజుల్లోనే గమ్యం చేరారు. ఏప్రిల్‌లో బేస్ క్యాంపుకు చేరినవాళ్లు ఆ నాలుగైదు రోజుల కోసం నెలన్నరకు పైగా పైకీ కిందికీ తిరుగుతూ కాచుకుని ఉంటారు. పూర్ణ బృందం యాత్రకు 52 రోజులు పట్టింది.

ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబూ ఐస్‌ఫాల్‌లో మంచు పెళ్లలు విరిగిపడి 16 మంది నేపాలీ పర్వత సహాయకులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో అత్యధికులు షెర్పాలు. ఆ వైపు ఆరోహణ దాదాపుగా ఆగిపోయింది. నేపాల్ పదహారేళ్లు నిండనివారికి అనుమతి ఇవ్వదు కాబట్టి పూర్ణ ఎక్కింది టిబెట్ వైపు నుంచి. ఆ దారిలో గాలి ఎక్కువ, చలి ఎక్కువ, ఎనిమిది వేల మీటర్ల పైన రాతిగోడల మీద నడవాల్సిన దూరమూ ఎక్కువే.

భువనగిరి బండ మీద మొదటి పాఠం

పూర్ణ పుట్టింది నిజామాబాద్ జిల్లా పాకాలలో, లంబాడా కుటుంబంలో. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. తాడ్వాయి అప్పట్లో నిజామాబాద్ జిల్లాలోనే ఉండేది. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. శాసనసభకు సంబంధించి అది ఎల్లారెడ్డి నియోజకవర్గం. మంచు అనే మాటకు డిసెంబరు పొద్దున పొలాల మీద పరుచుకునే పొగమంచు తప్ప మరో అర్థం తెలియని ప్రాంతం ఇది.

అప్పట్లో గురుకుల సొసైటీ కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ పిల్లల చేత కొండలెక్కించాలని తలపెట్టారు. 2007లో ఎవరెస్టు ఎక్కిన శేఖర్ బాబు బాచినేపల్లి శిక్షణ బాధ్యత తీసుకున్నారు. నూరు మందికి పైగా పిల్లలు భువనగిరి కోట బండ మీద మొదలుపెట్టారు. అందులో నిలిచినవాళ్లు డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. టెన్సింగ్ విజయం తర్వాత 1954లో మొదలైన సంస్థ అది. టెన్సింగే అక్కడ క్షేత్ర శిక్షణకు తొలి డైరెక్టరు. ఇంకా వడపోసి మిగిలినవాళ్లను నడి చలికాలంలో లద్దాఖ్ తీసుకెళ్లారు. చివరికి ఇద్దరు ఎంపికయ్యారు. బండ, మంచు, గడ్డకట్టే చలి, ఆపైన ఎత్తు అన్న ఈ వరుసలోనే ఆ శిక్షణ విజయమంతా ఉంది. ఏ మెట్టూ దాటవేయలేదు.

బండ మీద నేర్చేదేమిటో దగ్గరగా చూద్దాం. మొదటి రోజు బండ ఎక్కనివ్వరు, ముడి వేయిస్తారు. ఎనిమిది అంకె ఆకారంలో తాడును మడిచి, నడుముకు కట్టిన హార్నెస్‌లోంచి దూర్చి, వచ్చిన దారినే మళ్లీ వెనక్కి నడిపించి బిగించాలి. తాడు పోగులు రెండేసి చొప్పున ఒకదానికొకటి ఆనుకుని సాగాలి. ఎక్కడైనా ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే విప్పించి మళ్లీ వేయిస్తారు. ముడి వేసినవాళ్లు ఒకసారి, పక్కనున్న జోడీ ఒకసారి తడిమి చూస్తేగాని బండ మీద చెయ్యి పెట్టనివ్వరు. కింద నిలబడి తాడు పట్టుకునేవాళ్లు పైనున్నవాళ్ల మీంచి చూపు తిప్పకూడదు. చేతులతో ఒంటిని పైకి లాక్కుంటే నిమిషాల్లో ముంజేతులు బిగుసుకుపోతాయి. అందుకే బరువు కాళ్ల మీద ఉంచి, మడమ దించి, అరికాలి ముందు భాగాన్ని బండకు ఆనించి లేవడం నేర్పుతారు. పొలం పనుల్లో, నీళ్లు మోయడంలో కాళ్లు గట్టిపడిన ఆడపిల్లలు ఈ పాఠాన్ని తొందరగా పట్టుకుంటారు.

ఎవరెస్టు మీద కావలసింది ఈ క్రమశిక్షణే. అక్కడ దారి పొడవునా కట్టిన తాడు ఉంటుంది. జూమర్ అనే పట్టుకారును దానికి తగిలించుకుంటారు. పైకి తోస్తే జారుతుంది, కిందికి బరువు పడితే పళ్లతో తాడును కరిచి పట్టుకుంటుంది. తాడును మేకుకు బిగించిన ప్రతిచోటా జూమర్ విప్పి మేకుకు అవతల తగిలించాలి. అందుకని హార్నెస్‌కు రెండు కొక్కేలుంటాయి. ముందు రెండోదాన్ని అవతలి తాడుకు వేసి, ఆ తర్వాతే మొదటిదాన్ని తీయాలి. ఒక్క క్షణమైనా మనిషి తాడుతో సంబంధం లేకుండా ఉండకూడదు. చీకట్లో, మూడు జతల గ్లౌజుల చేతులతో, ఆక్సిజన్ మాస్కు కింద కాళ్లు కనిపించకుండా చేసే పని ఇది. అందుకే భువనగిరిలో ఆ పనిని కళ్లు మూసుకున్నా చేతులు చేసుకుపోయేదాకా చేయించాలి.

మంచుకూ పదను ఉంది

మంచు రోజంతా ఒకేలా ఉండదు. సీజన్ చివరికొచ్చేసరికి ఈ తేడా మరీ ఎక్కువ. పగటి ఎండకు పైపొర కరుగుతుంది, రాత్రి చలికి మళ్లీ గడ్డకడుతుంది. రోజూ ఇలా కరిగి గట్టిపడుతుంటే కొత్త మంచులోని సన్నని పలుకులు పోయి ముతక గింజలు ఏర్పడతాయి. తెల్లవారుజామున ఆ గింజలన్నీ అతుక్కుని రాయిలా ఉంటాయి. బూటు కింద తగిలించే ఇనుప కోరల చట్రం, అంటే క్రాంపాన్, అప్పుడు చక్కగా నాటుకుంటుంది. ఎండ పొడిచిన రెండు మూడు గంటలకు పైపొర అంగుళం మందాన మెత్తబడుతుంది. మధ్యాహ్నానికి మోకాలి లోతు దిగబడే తడి ముద్దగా మారుతుంది. వాలు మీద ఆ ముద్ద ఒక్కసారిగా జారితే అదే మంచు చరియ.

అందుకే కొండ మీద పగలు రాత్రయి, రాత్రి పగలవుతుంది. అర్ధరాత్రి ముందో వెనకో బయల్దేరి, తెల్లవారేసరికి పైకి చేరి, ఎండ ముదిరేలోపు కిందికి రావాలి. క్రాంపాన్‌తో నడిచేటప్పుడు పాదాలు కొంచెం ఎడంగా వేయాలి, లేకపోతే ఒక కాలి కోరలు రెండో కాలి ప్యాంటులో చిక్కుకుని పడిపోతారు. జారితే వెంటనే బోర్లా తిరిగి, ఐస్ యాక్స్ మొనను ఛాతీ కింద మంచులోకి దిగేసి, ఒంటి బరువంతా దాని మీద వేయాలి. వేగం అందుకోకముందే ఆగితేనే ఆగినట్టు. శిక్షణలో పిల్లలను కావాలని జారనిచ్చి ఈ పని చేయిస్తారు. వెల్లకిలా, తలకిందులుగా, అన్ని రకాలుగా పడి ఆగడం ఒంటికి పట్టాలి.

సీజన్ చివరి మంచు పదను అందరికంటే బాగా తెలిసింది స్కీయింగ్ చేసేవాళ్లకు. కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో డిసెంబరు నుంచి మార్చి దాకా స్కీయింగ్ నడుస్తుంది. అఫర్వత్ కొండ భుజం దాకా, దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకు గొండోలా తీసుకెళ్తుంది. జనవరి మంచు మెత్తటి పొడి. మార్చి ఆఖరుకు అది ముతక గింజల మంచు అవుతుంది. పొద్దున్నే దిగితే స్కీ అంచులు పట్టు దొరక్క గీరుకుంటూ జారిపోతాయి, మధ్యాహ్నం దిగితే కూరుకుపోతాయి. పైపొర ఒక్క అంగుళం సడలిన ఆ గంటా రెండు గంటలే అసలైన సమయం. ఎండ ముందుగా తగిలే తూర్పు వాలు మీద మొదలుపెట్టి, పొద్దు తిరిగేకొద్దీ దక్షిణ, పడమటి వాలులకు మారుతూ పోవడం అనుభవజ్ఞుల పద్ధతి.

స్కీలు కిందికి జారడానికే కాదు, పైకి ఎక్కడానికీ ఉపయోగపడతాయి. అడుగున ఒక దిశలో వాలిన నూగు ఉన్న పట్టీ అంటిస్తారు. ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే ఆ నూగు మంచును పట్టుకుంటుంది. పొడుగాటి స్కీ మీద ఒంటి బరువు పరుచుకుంటుంది కాబట్టి హిమానీనదాల్లోని లోతైన పగుళ్లను కప్పి ఉంచే సన్నటి మంచు పొర మీద బూట్లకంటే ప్రమాదం తక్కువ. అలాస్కాలోని డెనాలీ శిఖరం మీద చాలామంది స్కీలు గానీ, మంచుబూట్లు గానీ వేసుకుని నడిచేది ఇందుకే. 2022 జూన్ 5న పూర్ణ ఎక్కిన కొండ ఇది, ఎత్తు 6,190 మీటర్లు. ఎవరెస్టు, కిలిమంజారో, ఎల్‌బ్రస్, అకాంకాగువా, కార్స్‌టెన్జ్, విన్సన్ తర్వాత ఏడు ఖండాల ఏడు శిఖరాల వరుస ఆమెకు అక్కడ పూర్తయింది. డెనాలీకి స్కీలు తగిలించిన చిన్న విమానం కహిల్ట్నా హిమానీనదం మీద దింపుతుంది. అక్కడ షెర్పాల సాయం ఉండదు. మూడు వారాల తిండి, టెంట్లు, ఇంధనం అంతా సగం వీపు మీద, సగం నడుముకు కట్టుకున్న స్లెడ్జి మీద లాక్కుపోవాలి. జూన్ ముదిరేకొద్దీ పగుళ్లమీది పొర మెత్తబడుతుంది కాబట్టి కింది హిమానీనదం మీద రాత్రిపూట నడుస్తారు. చీకటి పడని ఆ ఉత్తరాన రాత్రంటే మంచు గట్టిపడే వేళ.

ఒంటికి ఎత్తు అలవాటు

కామారెడ్డి సముద్రమట్టానికి దాదాపు అయిదు వందల మీటర్ల ఎత్తున ఉంది. అయిదున్నర వేల మీటర్లకు వెళ్తే గాలిలో దొరికే ఆక్సిజన్ సముద్రతీరంతో పోలిస్తే సగమే. ఎవరెస్టు కొనన మూడో వంతు. అక్కడికి మనిషిని ఉన్నపళంగా తీసుకెళ్లి దించితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. అదే మనిషి వారాల తరబడి మెల్లగా ఎక్కితే శ్వాస వేగం పెరుగుతుంది, రక్తంలో ఎర్ర కణాలు పెరుగుతాయి, ఒళ్లు సర్దుకుంటుంది.

దానికి కొండ ఎక్కేవాళ్ల సూత్రం సులువైనది: పగలు పైకి ఎక్కు, రాత్రి కిందికి వచ్చి పడుకో. టిబెట్ వైపు బేస్ క్యాంపు 5,200 మీటర్ల దగ్గర ఉంటుంది. అడ్వాన్స్ బేస్ క్యాంపు 6,400 దగ్గర, నార్త్ కాల్ ఏడు వేల మీటర్ల పైన. వీటి మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటే చూసేవాళ్లకు వృథా శ్రమ అనిపిస్తుంది. ఆ తిరుగుళ్లు లేకుండా శిఖరం లేదు. తేలికపాటి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం దాకా సహించవచ్చు. నడక తూలితే, మాట తడబడితే, పడుకున్నా ఆయాసం తగ్గకపోతే మెదడులోకో ఊపిరితిత్తుల్లోకో నీరు చేరుతున్నట్టు. దానికి మొదటి మందు వెంటనే కిందికి దిగడం. ఈ లక్షణాలను దాచకుండా చెప్పడం పిల్లలకు నేర్పవలసిన మొదటి నిజాయితీ. ‘నాకేం కాలేదు సార్’ అనే పట్టుదల తరగతిలో మెప్పు తెస్తుందేమోగాని కొండ మీద ప్రాణం తీస్తుంది.

మస్తాన్ బాబు పంచాంగం

ఈ విద్యలో తెలుగువాళ్లకు పెద్దదిక్కు మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం అనే చిన్న ఊళ్లో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో, ఆ తర్వాత ఐఐటీ ఖరగ్‌పూర్‌లో, ఐఐఎం కలకత్తాలో చదివారు. 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. ఆ వరుస చూస్తే భూమి మీద రుతువులు నడిచే తీరే కనిపిస్తుంది. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్, ఫిబ్రవరిలో ఆండీస్‌లో అకాంకాగువా, మార్చిలో ఆఫ్రికా కిలిమంజారో, ఏప్రిల్ మొదట్లో ఆస్ట్రేలియా కాసియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్‌లో ఎల్‌బ్రస్, జూలై 10న డెనాలీ. దక్షిణార్ధగోళంలో ఎండకాలం ఉండగా మొదలుపెట్టి, సూర్యుడితోపాటు ఉత్తరానికి వచ్చి, అలాస్కాలో సీజన్ ముగిసే వారంలో ముగించారు. వరుస తప్పితే ఏ కొండో ఒకటి మూతపడి ఉండేది. అంత నిక్కచ్చిగా అదను లెక్క కట్టిన మనిషి ఆయన.

అలాంటి మనిషినీ కొండ తీసుకుపోయింది. 2015 మార్చి 24న, ఆండీస్ వేసవి ముగిసే రోజుల్లో, అర్జెంటీనా–చిలీ సరిహద్దులోని సెర్రో ట్రెస్ క్రూసెస్ సుర్ శిఖరానికి ఒంటరిగా బయల్దేరారు. ఆ రోజుల్లోనే ఉత్తర చిలీని అసాధారణమైన తుపాను వానలు ముంచెత్తాయి, ఎడారి ఊళ్లలో వరదలొచ్చాయి. ఏప్రిల్ 3న ఆయన దేహం దొరికింది. సొంత ఊరికి తీసుకొచ్చి అంత్యక్రియలు జరిపారు. ఆయన్ను తలచుకున్నప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. సీజన్ అంచున కొండ ఎంత ఉదారంగా ఉంటుందో అంత కర్కశంగానూ మారగలదు. గాలి, ఎండ, చలి ఒక్క పూటలో తారుమారవుతాయి. అందుకే అనుభవజ్ఞులు శిఖరానికి బయల్దేరేముందే వెనక్కి తిరిగే గంట నిర్ణయించుకుంటారు. ఆ గంట కొట్టేసరికి శిఖరం వంద మీటర్ల దూరంలో ఉన్నా తిరిగిపోవాలి. పైన ప్రాణవాయువు తక్కువైన మెదడు సరిగ్గా ఆలోచించదు కాబట్టి ఆ ఆలోచన కిందనే చేసిపెట్టుకోవాలి.

మనం నిలబెట్టుకోవలసింది

శిఖరం మీద పూర్ణ, ఆనంద్ జాతీయ జెండాతోపాటు అంబేడ్కర్ చిత్రాన్ని, గురుకులాలకు పునాది వేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ చిత్రాన్ని ప్రదర్శించారు. ఆ రెండు బొమ్మలే ఈ యాత్ర విలువ చెబుతాయి. పర్వతారోహణకు సామాన్లు కావాలి, సెలవులు కావాలి, లక్షల రూపాయలు కావాలి. అది ఉన్నవాళ్ల వినోదమని లోకం అనుకుంది. కూలికి పోయే తల్లిదండ్రుల పిల్లలకు ప్రభుత్వ పాఠశాల ఆ విద్యను క్రమం తప్పకుండా నేర్పితే ఏమవుతుందో తాడ్వాయి చూపించింది.

అయితే పదమూడేళ్ల పిల్లలను ఎనిమిది వేల మీటర్లకు పంపడం సరైనదేనా అని అడిగేవాళ్లూ ఉన్నారు. అది న్యాయమైన ప్రశ్న. చిన్న వయసు రికార్డుల వెంట పడకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఒక్క పేరుతో మరో పసిబిడ్డను తొందరపెడితే ఈ విద్యకే కళంకం. నిలబెట్టుకోవలసింది రికార్డును కాదు, భువనగిరి బండ నుంచి మొదలైన ఆ మెట్లను.

ఆ మొదటి మెట్టు మన దగ్గరే ఉంది. దక్కను పీఠభూమి గ్రానైటు 250 కోట్ల ఏళ్ల నాటిది. మన గుట్టల మీది బండలకు గరుకుదనం ఉంది, బూటు పట్టు దొరుకుతుంది. ఇక్కడ బండ ఎక్కే సీజన్ కార్తీకంలో మొదలై శివరాత్రితో ముగుస్తుంది. ఆ తర్వాత రాయి పెనమవుతుంది, వానాకాలంలో పాచిపట్టి జారుతుంది. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలలు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు ప్రతి గురుకులంలో, ప్రతి జెడ్పీ హైస్కూల్లో వారానికొక పూట తాడు పాఠం పెట్టవచ్చు. దానికి శిక్షణ పొందిన ఇద్దరు బోధకులు, గడువు తీరని తాళ్లు, హెల్మెట్లు, అటవీ భూమి అయితే అటవీశాఖ అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం, దగ్గరి ఆసుపత్రికి వాహనం ఉంటే చాలు. బండ పగుళ్లలో పెద్ద తేనెపట్లు ఉంటే ఆ బండను వదిలేయాలి.

అందులో ఆసక్తి నిలిచిన పిల్లలు వయసు వచ్చాక డార్జిలింగ్‌లోనో, ఉత్తరకాశీ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లోనో దాదాపు నాలుగు వారాల బేసిక్ కోర్సు చేయవచ్చు. మంచు మీద మనసు పోయినవాళ్లకు గుల్‌మార్గ్, మనాలి సంస్థల్లో స్కీయింగ్ కోర్సులున్నాయి. వాళ్లంతా ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. గైడ్లు కావచ్చు, వరదల్లో చిక్కినవాళ్లను తాడుతో దాటించే రక్షణ సిబ్బంది కావచ్చు, పదిమందికి ముడి వేయడం నేర్పే టీచర్లు కావచ్చు. తన జోడీ ప్రాణం తన చేతిలోని తాడు మీద ఉందని పద్నాలుగేళ్లకే తెలుసుకున్న పిల్ల, ఏ పనిలో ఉన్నా ఆ బాధ్యతతోనే ఉంటుంది.

తాడ్వాయి పేరు ప్రపంచానికి ఒకసారి వినిపించింది. ఆ పేరు వెనక ఉన్న పాఠం ప్రతి చలికాలం ఇక్కడి బండల మీద మళ్లీ మొదలవ్వాలి. అదను దాటనివ్వకుండా ఈ నవంబరుకే మొదలుపెట్టమని పాఠశాలలను, విద్యాశాఖను, ఊరి పెద్దలను అడుగుదాం.